గడ్డ మొత్తం తీసేశారు, స్కాన్‌లో ఏమీ లేదన్నారు. అయినా ఏడాది పాటు ఇమ్యునోథెరపీ అవసరమా?

నీలిమేఘం
మా నాన్నగారి వయసు 61. కిడ్నీ క్యాన్సర్ వచ్చి, అయిదు వారాల క్రితం ఆయన ఎడమ కిడ్నీని పూర్తిగా తీసేశారు. పాథాలజీ రిపోర్టులో క్లియర్ సెల్ రకం, పీటీ3ఏ (కణితి కిడ్నీ దాటి పక్కకు పాకిన దశ), గ్రేడ్ 3 అని, లింఫు గ్రంథుల్లో గానీ కోసిన అంచుల్లో గానీ కణితి లేదని రాశారు. ఆ తర్వాత తీసిన సీటీ స్కాన్ కూడా శుభ్రంగానే ఉంది. హమ్మయ్య అనుకున్న మర్నాడే ఆంకాలజిస్టు గారు మమ్మల్ని పిలిచి, మూడు వారాలకొకసారి చొప్పున ఏడాది పాటు పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఎక్కించుకుంటే జబ్బు తిరగబెట్టే అవకాశం తగ్గుతుందని చెప్పారు. దాని దుష్ఫలితాల జాబితా కూడా చేతికిచ్చారు.

నాన్నగారు ఆ కాగితం చదివి ఒకే మాట అన్నారు: "ఇంట్లో దొంగ లేడని మీరే చెప్పి, ఏడాది పాటు కాపలా మనిషిని పెట్టుకోమంటున్నారు. ఆ మనిషి కర్ర పట్టుకుని ఇంట్లో వాళ్ళనే కొట్టడని ఎవరు హామీ ఇస్తారు?" నాకు జవాబు తోచలేదు. ఆపరేషన్ జరిగిన 12 వారాల లోపు మొదలుపెట్టాలట, అంటే మా చేతిలో ఉన్నది ఇంకో ఏడు వారాలే. ఈ చికిత్స తీసుకున్నవాళ్ళు, వద్దనుకున్నవాళ్ళు ఇద్దరి అనుభవమూ తెలుసుకోవాలని ఉంది.

రాత్రిడ్యూటీ
క్యాన్సర్ డే కేర్ విభాగంలో పదకొండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. మీ నాన్నగారి ప్రశ్న చాలా న్యాయమైనది, నేను దాన్ని రకరకాల మాటల్లో ఎన్నోసార్లు విన్నాను. అయితే స్కాన్ శుభ్రంగా ఉందంటే దొంగ లేడని కాదు, కనిపించలేదని మాత్రమే. కొన్ని మిల్లీమీటర్ల కంటే చిన్న గడ్డను సీటీ స్కాన్ పట్టుకోలేదు. ఒక సెంటీమీటరు గడ్డలోనే కోట్ల కొద్దీ కణాలుంటాయి కాబట్టి, ఆపరేషన్‌కు ముందే రక్తంలోకి జారుకుని ఊపిరితిత్తుల్లోనో ఎముకల్లోనో నక్కిన కొన్ని వేల కణాలు ఏ యంత్రానికీ దొరకవు.

మందు పనితీరు కూడా చెబుతాను. మన ఒంట్లో రోగాలతో పోరాడే టీ కణాల మీద పీడీ-1 అనే ఒక బ్రేకు ఉంటుంది. అవి సొంత కణాల మీద పడకుండా ఆపడానికే శరీరం ఆ ఏర్పాటు చేసుకుంది. క్యాన్సర్ కణం పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను తన పైపొర మీద మొలిపించుకుని, సరిగ్గా ఆ బ్రేకునే నొక్కి తప్పించుకుంటుంది. పెంబ్రోలిజుమాబ్ ఆ నొక్కుడును అడ్డుకుంటుంది. కనుక ఇది కణితిని నేరుగా చంపే మందు కాదు, కీమో అంతకన్నా కాదు, చంపే పని టీ కణాలే చేయాలి. బ్రేకు వదిలేసిన తర్వాత అవి ఒక్కోసారి థైరాయిడ్ మీదో పేగుల మీదో పడతాయి. కాపలా మనిషి ఇంట్లో వాళ్ళను కొట్టడమంటే అదే, మీ నాన్నగారు సరిగ్గానే పోల్చారు.

లెక్కలమాస్టారు
నాది కూడా క్లియర్ సెల్, పీటీ3ఏ. మూడేళ్ళ రెండు నెలల క్రితం కుడి కిడ్నీ తీయించుకున్నాను. ఇమ్యునోథెరపీ వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అంకెలతో చెబుతాను, ఎందుకంటే "తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది" అన్న మాటలో ఎంత తగ్గుతుందన్నది లేదు.

మీ డాక్టరు గారి సలహాకు ఆధారం కీనోట్-564 అనే పరీక్ష. ఆపరేషన్ అయిన 994 మందిలో సగానికి మందు, సగానికి ఉత్త సెలైన్ ఇచ్చారు. నాలుగేళ్ళ దగ్గర చూస్తే, మందు తీసుకున్నవాళ్ళలో సుమారు 65 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు, ఉత్త సెలైన్ వాళ్ళలో సుమారు 57 శాతం మంది ఉన్నారు. దీన్ని వందమందిని ఒక గదిలో కూర్చోబెట్టినట్టు ఊహించండి. 57 మందికి ఏ మందూ లేకపోయినా నాలుగేళ్ళూ బాగానే గడుస్తుంది. 35 మందికి మందు తీసుకున్నా లాభం దక్కదు. మిగిలిన 8 మంది కోసం గదిలోని వందమందీ ఏడాది పాటు మందు ఎక్కించుకోవాలి. ఆ వందలో దాదాపు 19 మందికి మందు వల్లనే తీవ్రమైన దుష్ఫలితాలు వస్తాయి. ఆ 8 మందిలో నేనున్నానో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. నేను క్రమం తప్పకుండా స్కాన్లు తీయించుకుంటూ, అవసరమైతే అప్పుడే మందు మొదలుపెడతానని చెప్పి వచ్చేశాను. ఇప్పటికి బాగానే ఉన్నాను.

ఒంటరిబాటసారి
లెక్కలమాస్టారు గారి కూడికలు, తీసివేతలు సరైనవే. అయితే గదిలో ఎనిమిది మంది అంటే ఎనిమిది కుటుంబాలని కూడా గుర్తుంచుకోవాలి.

వేకువచుక్క
మాస్టారు గారూ, అదే పరీక్షలో తర్వాత వెలువడిన ఒక ముఖ్యమైన అంకెను మీరు వదిలేశారు. నాలుగేళ్ళ దగ్గర ప్రాణాలతో ఉన్నవాళ్ళు మందు వర్గంలో 91.2 శాతం, ఉత్త సెలైన్ వర్గంలో 86 శాతం. ఉత్త సెలైన్ వర్గంలో జబ్బు తిరగబెట్టిన చాలామందికి తర్వాత ఇమ్యునోథెరపీ దొరికింది, అయినా ఆ తేడా పూడలేదు. "తిరగబెడితే అప్పుడు చూసుకుందాం" అన్న మీ ఆలోచనకు ఈ అంకె అడ్డు తగులుతుంది కదా?

లెక్కలమాస్టారు
అడ్డు తగులుతుందని ఒప్పుకుంటాను. నేను నిర్ణయం తీసుకునే నాటికి ఆ ఫలితం రాలేదు, అది 2024లో వచ్చింది. ఇప్పుడైతే వద్దనే మాట అంత తేలిగ్గా అనేవాణ్ణి కాదు. కానీ మరో సంగతి కూడా ఇక్కడ చెప్పి తీరాలి. కిడ్నీ ఆపరేషన్ తర్వాత ఇదే కోవకు చెందిన మందులతో ఇంకో మూడు పెద్ద పరీక్షలు జరిగాయి. అటెజోలిజుమాబ్‌తో ఒకటి, నివోలుమాబ్, ఇపిలిముమాబ్ కలిపి ఒకటి, ఆపరేషన్‌కు ముందూ వెనుకా నివోలుమాబ్ ఇచ్చి ఒకటి. మూడింటిలోనూ లాభం కనిపించలేదు. మొదట ఫలితాలు వచ్చిన నాలుగింటిలో ఒక్కటే గెలిచినప్పుడు ఆ గెలుపును ఎంత నమ్మాలన్న అనుమానం నాలో ఇంకా పూర్తిగా పోలేదు.

రాత్రిడ్యూటీ
ఆ అనుమానం డాక్టర్లకూ ఉండేది. ఆ పరీక్షల్లో మందు వేరు, చేర్చుకున్న రోగులు వేరు, ఇచ్చిన కాలం వేరు. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ జంటను ఆరు నెలలే ఇవ్వాలనుకున్నారు, దుష్ఫలితాల వల్ల చాలామంది ఆ ఆరు నెలలు కూడా పూర్తి చేయలేకపోయారు. ఓటమికి కారణం ఇదేనని మాత్రం నేను అనను. బతికినవాళ్ళ సంఖ్యలో తేడా కనిపించాక కీనోట్-564 మీద నమ్మకం గట్టిపడిందన్నది వాస్తవం.

సూక్ష్మదర్శిని
నేను పాథాలజీ విభాగంలో పనిచేస్తాను. చర్చ అంతా మందు మీదే నడుస్తోంది, అసలు నిర్ణయం మాత్రం మా బల్ల మీద మొదలవుతుంది. తీసిన కిడ్నీ మా దగ్గరికి వచ్చినప్పుడు ముందుగా దాని సిరను చీల్చి, లోపల కణితి బిరడాలాగా పాకి ఉందేమో చూస్తాం. ఆ తర్వాత చుట్టూ ఉన్న కొవ్వును పలుచని ముక్కలుగా కోసుకుంటూ, పసుపు రంగు కొవ్వులోకి కణితి ఎక్కడైనా చొచ్చుకుపోయిందేమో వెతుకుతాం. ఈ రెండింటిలో ఏది కనిపించినా అది పీటీ3ఏ అవుతుంది. ఇక గ్రేడ్ 3 అంటే, వంద రెట్లు పెద్దదిగా చూసినప్పుడే కణకేంద్రకం లోపలి చుక్క స్పష్టంగా కనబడుతుందని అర్థం.

నీలిమేఘం గారూ, మీ రిపోర్టులో సార్కొమటాయిడ్ అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే తిరగబెట్టే ముప్పు బాగా ఎక్కువ. ఆ పరీక్షలోకి క్లియర్ సెల్ భాగం ఉన్న కణితులనే తీసుకున్నారు కాబట్టి, పాపిలరీ వంటి ఇతర రకాలవాళ్ళు ఈ అంకెలను తమకు వర్తింపజేసుకోకూడదు. ఏమాత్రం అనుమానం ఉన్నా స్లైడ్లను మరో పాథాలజిస్టుకు చూపించమని అడగడంలో తప్పు లేదు, మేమెవరమూ దానికి నొచ్చుకోము.

నీలిమేఘం
రిపోర్టు మళ్ళీ చదివాను. సార్కొమటాయిడ్ లక్షణాలు లేవని స్పష్టంగా రాసి ఉంది. సిరలో కణితి లేదు, చుట్టూ ఉన్న కొవ్వులోకి మాత్రం వెళ్ళిందట. రాత్రిడ్యూటీ గారి వివరణ నాన్నగారికి చదివి వినిపించాను. "కనిపించలేదు అన్న మాట వాళ్ళు ముందే వాడి ఉండాల్సింది" అన్నారు.

పడవమనిషి
ఆపరేషన్ తర్వాత రోగనిరోధక శక్తితో జబ్బును ఆపడం కొత్త సంగతేమీ కాదు. నాకు మూత్రాశయంలో పైపొరకే పరిమితమైన క్యాన్సర్ వచ్చింది. గీకి తీసేశాక బీసీజీ ఇచ్చారు. క్షయకు పిల్లలకు వేసే టీకాలోని బ్యాక్టీరియానే, గొట్టం ద్వారా మూత్రాశయంలోకి పంపిస్తారు. కెనడాలో అల్వారో మొరాలెస్ అనే వైద్యుడు 1976లో దీన్ని మొదటిసారి ప్రచురించారు, ఇప్పటికీ ఆ దశలో ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఇదే ప్రధాన చికిత్స. వారానికొకటి చొప్పున ఆరు వారాలు ఇస్తారు, తర్వాత విడతల వారీగా మూడేళ్ళ వరకు కొనసాగిస్తారు. మందు లోపల ఉన్న రెండు గంటలూ పావుగంటకోసారి కుడి పక్కకి, ఎడమ పక్కకి, వెల్లకిలా, బోర్లా తిరగమనేవారు. గోడ గడియారం చూస్తూ పొర్లేవాణ్ణి. ఆ రాత్రి మంట, చలి జ్వరం వచ్చి మర్నాటికి తగ్గేవి. ఆరేళ్ళయింది, ఇప్పటివరకు తిరగబెట్టలేదు.

ఒంటరిబాటసారి
పడవమనిషి గారిది పైపొర వరకే ఉంది, నాది కండరంలోకి దిగింది. కీమో తర్వాత మూత్రాశయాన్నే తీసేశారు. ఆపైన ఏడాది పాటు నివోలుమాబ్ తీసుకున్నాను, ఒక్క మోతాదు కూడా తప్పలేదు. ఆపేసిన రెండో నెలలో తీసిన స్కాన్‌లో ఊపిరితిత్తిలో రెండు మచ్చలు కనిపించాయి. ప్రస్తుతం వేరే మందు మీద ఉన్నాను.

నా అనుభవం చూసి ఎవరూ వెనక్కి తగ్గవద్దనే ఇది రాస్తున్నాను. చెక్‌మేట్-274 అనే పరీక్షలో జబ్బు లేకుండా గడిచిన మధ్యస్థ కాలం మందుతో 20.8 నెలలు, మందు లేకుండా 10.8 నెలలు. అంటే దాదాపు రెట్టింపు. దాని అర్థం అందరికీ తిరగబెట్టదని కాదని నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది. నేను దాన్ని పూర్తి రక్షణ అనుకున్నాను, స్కాన్ చూసిన రోజున మందు కంటే ఎక్కువగా నా మీద నాకే కోపం వచ్చింది, నేనేదో తప్పు చేశానేమోనని.

పారిజాతం_ఎస్
బాటసారి గారూ, మీరు ఏ తప్పూ చేయలేదు. ఆ మాట మీకు ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి, అందుకే చెబుతున్నాను.

చిరుగాలి22
రోగనిరోధక శక్తి పెరగడమే ముఖ్యమైతే, ఇన్ని దుష్ఫలితాలున్న మందుకు బదులు ఆ శక్తిని పెంచే పొడులు, మాత్రలు వాడుకోవచ్చు కదా? చాలా ప్రకటనలు అదే చెబుతున్నాయి.

రాత్రిడ్యూటీ
చిరుగాలి22 గారూ, ఈ చికిత్స శక్తిని పెంచేది కాదు, ఒక నిర్దిష్టమైన బ్రేకును విప్పేది. ఆ పని చేసే పొడి ఏదీ లేదు. చికిత్సలో ఉన్నవాళ్ళు మీరు చెప్పే మాత్రలను డాక్టరుకు చెప్పకుండా వాడితే ఇంకో చిక్కు కూడా ఉంది. కాలేయ పరీక్షల్లో అంకెలు పెరిగినప్పుడు అది మందు వల్లనా, మాత్రల వల్లనా అని తేల్చుకోలేక చికిత్సనే ఆపాల్సి వస్తుంది. నేను అలాంటివి చూశాను.

వేకువచుక్క
మా వారిది ఊపిరితిత్తుల క్యాన్సర్, రెండో దశ. మాకు వరస తిరగేశారు, ఆపరేషన్ తర్వాత కాకుండా ముందే ఇచ్చారు. కీమోతో కలిపి నివోలుమాబ్ మూడు విడతలు ఇచ్చాక ఊపిరితిత్తి భాగం తీశారు. గడ్డ ఉండగా ఆపరేషన్ చేయకుండా తొమ్మిది వారాలు ఆగడమంటే ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టేది కాదు. ఆపరేషన్ తర్వాత వచ్చిన రిపోర్టులో "బతికి ఉన్న కణితి కణాలు కనిపించలేదు" అన్న ఒక వాక్యం ఉంది. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయేంతగా చదివాను.

దీనికి ఆధారం చెక్‌మేట్-816. అందులో ఇలా కణితి పూర్తిగా చచ్చిపోయినవాళ్ళు మందు కలిపిన వర్గంలో 24 శాతం, కీమో మాత్రమే ఇచ్చిన వర్గంలో 2.2 శాతం. అయిదేళ్ళ దగ్గర ప్రాణాలతో ఉన్నవాళ్ళు 65.4 శాతం, 55 శాతం. గడ్డ ఒంట్లో ఉండగానే మందు ఇస్తే, టీ కణాలకు శత్రువు ముఖం చూసి గుర్తుపట్టే అవకాశం ఎక్కువ ఉంటుందని డాక్టరు గారు వివరించారు. తీసేశాక ఇస్తే చూపించడానికి మిగిలేది తక్కువ.

లెక్కలమాస్టారు
ఈ వాదనకు ఇంకా సూటిగా తూగే పరీక్ష మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో జరిగింది. ఒకే మందు, మొత్తం 18 మోతాదులు. ఒక వర్గానికి అన్నీ ఆపరేషన్ తర్వాతే ఇచ్చారు, మరో వర్గానికి మూడు ముందు, పదిహేను తర్వాత ఇచ్చారు. రెండేళ్ళ దగ్గర మొదటి వర్గంలో 49 శాతం మంది, రెండో వర్గంలో 72 శాతం మంది ఏ ఆటంకమూ లేకుండా ఉన్నారు. మందు మారలేదు, మోతాదు మారలేదు, వరస ఒక్కటే మారింది. లెక్కలు చెప్పేవాడిగా నాకు ఇంత ముచ్చటైన పరీక్ష ఇంకోటి కనబడలేదు.

నీలిమేఘం
అలాగైతే మేము తొందరపడి ముందే ఆపరేషన్ చేయించి తప్పు చేశామా?

సూక్ష్మదర్శిని
లేదు. మాస్టారు గారు పైన చెప్పిన ఓడిపోయిన మూడు పరీక్షల్లో చివరిది, సరిగ్గా ఆ పద్ధతినే కిడ్నీలో ప్రయత్నించింది. ఆపరేషన్‌కు ముందు ఒక మోతాదు, తర్వాత తొమ్మిది ఇచ్చారు. ఫలితం రాదని తేలిపోవడంతో ముందే ఆపేశారు. ఒక అవయవంలో గెలిచిన పద్ధతిని ఇంకో అవయవానికి అలాగే తగిలించకూడదు. కిడ్నీ విషయంలో ముందుగా ఆపరేషన్ చేయడమే ఇప్పటి పద్ధతి, మీరు చేసింది సరైన పనే.

మూడోఅంతస్తు
పెద్దపేగు క్యాన్సర్ వాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం ఒక్క మాట. రిపోర్టులో ఎంఎంఆర్ లోపం (కణం తన డీఎన్‌ఏ నకలులో తప్పులను సరిదిద్దుకోలేకపోవడం) ఉందా లేదా అన్నది తప్పక అడగండి. అది దాదాపు 15 శాతం మందిలోనే ఉంటుంది, కానీ ఉన్నవాళ్ళలో ఇమ్యునోథెరపీ చూపే ప్రభావం వేరే స్థాయిలో ఉంటుంది. అలాంటివాళ్ళకు ఆపరేషన్‌కు ముందు కొద్ది వారాలు ఇచ్చిన ఒక పరీక్షలో 68 శాతం మందికి తీసిన పేగులో కణితి మిగలలేదు. ఆ లోపం లేని మిగతా 85 శాతం మందికి ఇప్పటికైతే దీనివల్ల ఆ స్థాయి లాభం లేదు. నేను ఆ 85 శాతంలో ఉన్నాను, కీమోతోనే సరిపెట్టారు.

వేకువచుక్క
ఊపిరితిత్తుల వాళ్ళు కూడా ఇలాగే ఒకటి అడగాలి. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యు మార్పుల పరీక్ష ఫలితం రాకుండా ఇమ్యునోథెరపీ మొదలుపెట్టనివ్వకండి. ఆ మార్పులున్న కణితుల మీద ఇది సరిగ్గా పనిచేయదు, వాటికి వేరే మాత్రలు ఉన్నాయి. ఈజీఎఫ్ఆర్ ఉన్నవాళ్ళకు ఆపరేషన్ తర్వాత ఒసిమెర్టినిబ్ ఇస్తారు. ఇమ్యునోథెరపీ అయిన వెంటనే ఆ మాత్ర మొదలుపెడితే ఊపిరితిత్తుల వాపు ముప్పు పెరుగుతుందని మా డాక్టరు గారు చెప్పి, ఫలితం వచ్చేదాకా పది రోజులు మమ్మల్ని ఆపారు. ఆ పది రోజులూ ఆయన మీద విసుక్కున్నాను, ఇప్పుడు కృతజ్ఞతగా ఉంది.

పారిజాతం_ఎస్
నీలిమేఘం గారూ, మీ నాన్నగారి రెండో ప్రశ్నకు, కాపలా మనిషి కొడితే ఏమవుతుందన్న దానికి, నేను జవాబు చెప్పగలను.

నాది ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్. కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ ముందు ఎనిమిది విడతలు, ఆపరేషన్, తర్వాత మళ్ళీ తొమ్మిది విడతలు తీసుకున్నాను. చివరి విడత అయిన రెండు నెలలకు నీరసం మొదలైంది. పొద్దున మంచం మీద నుంచి లేచి నిలబడితే కళ్ళ ముందు నల్లటి తెర దిగేది. జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తితే సగంలో దించేసి కూర్చునేదాన్ని. వాంతులు మొదలయ్యాయి. దగ్గరలోని క్లినిక్‌కు వెళ్తే క్యాన్సర్ చికిత్స తర్వాత నీరసం మామూలేనని బలం మాత్రలు రాసి పంపారు. పది రోజులు అలాగే గడిచాయి. పదకొండో రోజున స్నానాల గదిలో పడిపోయాను. అత్యవసర విభాగంలో రక్తపోటు 80 దగ్గర ఉంది, సోడియం 121. అక్కడి డ్యూటీ డాక్టరు ఒకే ప్రశ్న వేసింది: "మీరు గత ఏడాదిలో ఇమ్యునోథెరపీ తీసుకున్నారా?" ఆ ప్రశ్నే నన్ను బతికించింది. కార్టిసాల్ పరీక్షకు రక్తం తీసి, ఫలితం కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చింది. రెండు గంటల్లో నేను లేచి కూర్చుని మాట్లాడాను.

ఒంట్లో కార్టిసాల్ హార్మోను తయారవ్వాలని ఆదేశమిచ్చే నా పీయూష గ్రంథి దెబ్బతింది, ఇక కోలుకోదు. బతికినంత కాలం హైడ్రోకార్టిసోన్ మాత్రలు వేసుకోవాలి, జ్వరం వస్తే మోతాదు పెంచుకోవాలి. క్యాన్సర్ మాత్రం నాలుగేళ్ళుగా లేదు. మళ్ళీ మొదటి నుంచి ఎంచుకోమంటే ఈ చికిత్సనే ఎంచుకుంటానా అని మా అక్క అడిగింది. ఎంచుకుంటాను, కానీ ఆ పది రోజులు ఇంట్లో కూర్చోను.

నీలిమేఘం
ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మందు ఆపేశాక కూడా ఇలా వస్తుందన్న సంగతి మాకిచ్చిన కాగితంలో ఎక్కడో చివర ఉంది, నేను దాటేశాను. నాన్నగారికి ఇరవై ఏళ్ళుగా మోచేతుల మీద సొరియాసిస్ ఉంది. అది దీనికి అడ్డమవుతుందా?

రాత్రిడ్యూటీ
సొరియాసిస్ సంగతి ఆంకాలజిస్టు గారికి తప్పక చెప్పండి, ఇప్పటిదాకా చెప్పి ఉండకపోతే రేపే చెప్పండి. శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బుల కోవలోకే అదీ వస్తుంది. ఈ మందుతో అది విజృంభించవచ్చు. మోచేతులకే పరిమితమై పైపూతలతో అదుపులో ఉంటే చాలామందికి చర్మవైద్యుల పర్యవేక్షణలో చికిత్స ఇస్తూనే ఉన్నారు. రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు వాడుతున్న స్థితి అయితే లెక్క మారుతుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళకైతే పెట్టిన అవయవాన్నే శరీరం తిప్పికొట్టే ప్రమాదం ఉంటుంది.

మొదలుపెట్టే ముందు థైరాయిడ్, కాలేయం, చక్కెర, వీలైతే పొద్దుటి కార్టిసాల్ పరీక్షలు చేయించి ఆ అంకెలు దాచుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే దేనితో పోల్చాలో తెలుస్తుంది. విరేచనాలు రోజూ ఉండేదానికంటే నాలుగు పెరిగినా, కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, విపరీతమైన దాహం, తగ్గని తలనొప్పి కనిపించినా అదే రోజు ఫోన్ చేయాలి. పేగు, కాలేయం, ఊపిరితిత్తుల వాపులు సకాలంలో స్టెరాయిడ్లు మొదలుపెడితే ఎక్కువ శాతం తగ్గిపోతాయి. హార్మోను గ్రంథుల దెబ్బ మాత్రం పారిజాతం గారు చెప్పినట్టు సాధారణంగా శాశ్వతం, మాత్రలతో పూరించుకోవాలి. ఇమ్యునోథెరపీ తీసుకున్నానని తెలిపే కార్డు ఒకటి ఇస్తారు, దాన్ని జేబులో ఉంచుకోవాలి. పారిజాతం గారి చేతిలో ఆ కార్డు ఉండి ఉంటే, మొదటి రోజే ఆ క్లినిక్‌లో ఎవరైనా ఆ ప్రశ్న వేసి ఉండేవారేమో.

లెక్కలమాస్టారు
నా గదిలోని వందమందిలో ఆ ఎనిమిది మంది ఎవరో ముందే చెప్పగల పరీక్ష ఏదైనా ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. రక్తంలో తేలే కణితి డీఎన్‌ఏ పరీక్ష అలాంటిదేనని విన్నాను.

ఒంటరిబాటసారి
మూత్రాశయ క్యాన్సర్‌లో అది వచ్చేసింది. అటెజోలిజుమాబ్‌ను ఆపరేషన్ తర్వాత అందరికీ ఇచ్చి చూసిన మొదటి పరీక్ష ఓడిపోయింది. కానీ దాచిన రక్తాన్ని మళ్ళీ పరీక్షిస్తే, కణితి డీఎన్‌ఏ ఉన్నవాళ్ళకు లాభం ఉన్నట్టు కనిపించింది. దాంతో ఇమ్‌విగర్-011 పేరుతో, రక్తంలో ఆ డీఎన్‌ఏ కనిపించినవాళ్ళకు మాత్రమే మందు ఇచ్చి చూశారు. 2025లో ఫలితం వచ్చింది. ప్రాణాలతో ఉన్న మధ్యస్థ కాలం మందుతో 32.8 నెలలు, లేకుండా 21.1 నెలలు. డీఎన్‌ఏ కనిపించనివాళ్ళను మందు లేకుండానే కనిపెట్టుకుని ఉన్నారు. నాకు చికిత్స మొదలయ్యే నాటికి ఇది లేదు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు దీని గురించి తప్పక అడగాలి.

సూక్ష్మదర్శిని
అయితే నీలిమేఘం గారు దీని మీద ఆశ పెట్టుకోవద్దు. కిడ్నీ కణితి రక్తంలోకి వదిలే డీఎన్‌ఏ చాలా తక్కువ, అందుచేత పరీక్షలో ఏమీ కనిపించకపోయినా ధైర్యంగా ఉండటానికి వీల్లేదు.

చిరుగాలి22
పొడుల గురించి అడిగినందుకు కసురుకోకుండా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక్కొక్కరి కణితికి తగ్గట్టు తయారుచేసే ఎంఆర్‌ఎన్‌ఏ టీకా గురించి కూడా చదివాను. అది నిజమేనా?

రాత్రిడ్యూటీ
అది నిజం. తీసిన మెలనోమా కణితిలోని జన్యు మార్పులను చదివి, గరిష్ఠంగా 34 గుర్తులను టీకాలో చేర్చి, పెంబ్రోలిజుమాబ్‌తో కలిపి ఇచ్చారు. 157 మందితో చేసిన రెండో దశ పరీక్షలో, తిరగబెట్టడం లేదా మరణం 44 శాతం తగ్గాయి. చిన్న పరీక్ష కాబట్టి దాన్ని ఆశగానే చూడాలి, ఇంకా ఆధారంగా తీసుకోకూడదు.

నీలిమేఘం
మూడు వారాల తర్వాత తిరిగి వచ్చి రాస్తున్నాను. మాస్టారు గారి వందమంది గదిని ఒక కాగితం మీద గీసి నాన్నగారికి ఇచ్చాను, పారిజాతం గారి అనుభవాన్ని పూర్తిగా చదివి వినిపించాను. రెండు రోజులు ఎవరితోనూ ఆ ఊసు ఎత్తలేదు. మూడో రోజున ఆ కాగితం మీద 57 మందిని ఒక గీతతో, 35 మందిని మరో గీతతో చుట్టి, మధ్యలో మిగిలిన ఎనిమిది చుక్కల మీద వేలు పెట్టి, "వీళ్ళలో ఉన్నానో లేనో తెలుసుకునే దారి లేనప్పుడు ఉన్నాననే అనుకుంటాను" అన్నారు. చర్మవైద్యులు మోచేతులు చూసి అభ్యంతరం లేదన్నారు. కార్టిసాల్‌తో సహా పరీక్షలన్నీ చేయించాం, అంకెలన్నీ మామూలుగానే ఉన్నాయి.

నిన్న మొదటి మోతాదు ఇచ్చారు. అరగంటలో అయిపోయింది. గొట్టంలో ఒక్కో చుక్కా జారుతుంటే నాన్నగారు కళ్ళు తిప్పకుండా చూస్తూ కూర్చున్నారు. కార్డును చొక్కా జేబులో పెట్టుకుని, బొత్తాం పెట్టుకున్నారు. ఒక నోటుపుస్తకంలో తేదీ, జ్వరం, విరేచనాలు, దగ్గు, నిద్ర అని గళ్ళు గీసుకున్నారు. ఈ రోజు పొద్దున జ్వరం గడిలో 99.4 అని రాసి ఉంది.

పారిజాతం_ఎస్
ఆసుపత్రికి ఫోన్ చేశారా?

నీలిమేఘం
నేను లేచేసరికే నాన్నగారు చేసేశారు. మధ్యాహ్నం మళ్ళీ చూసుకుని చెప్పమన్నారట. ఇప్పుడు 98.6 ఉంది. అది కూడా రాసుకున్నారు.